‘చిన్న మార్పే కదా!’ – వెబ్ డిజైనర్ శ్రమ, క్లయింటుతో సంబంధం

‘ఫ్రీలాన్స్’ అనే మాట రచయితలకు కొత్తది కాదు. ఏ పత్రికలోనూ జీతం లేకుండా నాలుగు పత్రికలకు రాసి బతికేవాణ్ణి ఫ్రీలాన్స్ జర్నలిస్టు అనడం మనకు చాలాకాలంగా అలవాటు. ఆ మాటలో ‘ఫ్రీ’ ఉండడం వల్ల కాబోలు, అందులో స్వేచ్ఛ ఉందన్న భ్రమ కూడా అంతకాలంగానే ఉంది. మాట పుట్టుక చూస్తే ఆ భ్రమ నిలవదు. 1819లో వెలువడిన వాల్టర్ స్కాట్ నవల ‘ఐవన్‌హో’లో, ఈటెలు పట్టిన కిరాయి సైనికులకు ఈ పేరు కనిపిస్తుంది. ఏ ప్రభువుకూ శాశ్వతంగా కట్టుబడని ఈటె గనక అది ‘ఫ్రీ’ లాన్స్. అంటే ఎవరు కిరాయి ఇస్తే వాళ్ళ తరఫున పొడిచే ఈటె. యుద్ధం లేని రోజుల్లో ఆ సైనికుడి తిండీ బట్టా చూడవలసిన బాధ్యత ఏ ప్రభువుకూ లేదు. ఇందులో స్వేచ్ఛ ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఈటె కొత్త రూపాల్లో ఒకటి ఈ వ్యాసానికి విషయం. సొంతంగా పని పట్టుకుని వెబ్‌సైట్లు తయారుచేసే డిజైనర్, ఆ పని ఇచ్చే క్లయింటు, వాళ్ళిద్దరి మధ్య సంబంధం. సాహిత్య విమర్శ పత్రికలో ఈ గొడవ ఎందుకని అడగవచ్చు. మన బడుల్లో తెలుగు చదువుకున్న పిల్లలు కొందరు ఈ పనిలో బతుకుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మీద మనకు కథలు, నవలలు వచ్చాయి గాని, మెడలో కంపెనీ కార్డు లేకుండా ఇంట్లో ఒక మూల కంప్యూటరు పెట్టుకున్నవాళ్ళ జీవితం కథల్లోకి రావలసినంతగా రాలేదు. మరో కారణం కూడా ఉంది. రచయితలం మనమే ఇవాళ వాళ్ళకు క్లయింట్లమయ్యాం. దాని సంగతి చివర చూద్దాం.

మొట్టమొదటి వెబ్‌సైట్‌ను 1991లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ నెలకొల్పాడు. అక్షరాలూ, ఒక పుట నుంచి మరో పుటకు తీసుకుపోయే లంకెలూ తప్ప అందులో అలంకారం లేదు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా అందింది. ఇవాళ ఊళ్ళో నగల దుకాణానికీ, ట్యూషన్ సెంటరుకీ, కల్యాణ మండపానికీ వెబ్‌సైట్ కావాలి. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో కొన్ని నెలల కోర్సు చేసి కంపెనీ ఉద్యోగం దొరకనివాళ్ళూ, దొరికి ఊడినవాళ్ళూ, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానవలసి వచ్చిన స్త్రీలూ ఈ పని చేస్తున్నారు. పెద్ద సంస్థల్లో పదిమంది పంచుకునే పనిని – రంగులు, అక్షరాలు, బొమ్మలు, కోడ్, పరీక్ష, ఆఖరికి డబ్బు వసూలు – వీళ్ళలో ప్రతి ఒక్కరూ ఒంటిచేత్తో చేస్తారు. క్లయింటు అని నేను రాస్తున్నాను గాని, వాళ్ళ వాడుకలో అది ‘పార్టీ’. ‘పార్టీ ఇంకా డబ్బు వెయ్యలేదు’ అన్న మాట వాళ్ళ నోట నేను విన్నన్నిసార్లు మరే మాటా వినలేదు.

పీసు రేటు – అంతులేని పీసు

ఈ సంబంధాన్ని చాలామంది వ్యాపార సంబంధంగా చూస్తారు. ఒకడు అమ్ముతాడు, ఒకడు కొంటాడు, ఇద్దరూ సమానులే అన్నది ఆ చూపు. పైకి కనిపించేదీ అదే. కొటేషన్, అడ్వాన్సు, బిల్లు – అన్నీ వర్తకపు మాటలే. కాని డిజైనర్ దగ్గర అమ్మడానికి సరుకు లేదు. తన గంటలు మాత్రమే ఉన్నాయి. 15,000 రూపాయలకు ఒక వెబ్‌సైట్ ఒప్పుకున్నాడనుకుందాం. 60 గంటల పని అని అంచనా వేశాడు. గంటకు 250 పడుతుంది. మార్పుల మీద మార్పులు వచ్చి అది 150 గంటలైతే గంటకు 100. ఒప్పుకున్న మొత్తంలో ఒక్క రూపాయి తగ్గలేదు, ఎవరూ ఎవరినీ మోసం చేసినట్టు కనిపించదు, కూలి మాత్రం సగానికన్నా దిగువకు పడిపోయింది.

1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్ పీసు రేటు మీద విడిగా ఒక అధ్యాయమే రాశాడు. పీసు రేటు అనేది కాలాన్నిబట్టి ఇచ్చే కూలికే మరో రూపం అని అతను చూపించాడు. ఈ పద్ధతిలో యజమాని తలమీద నిలబడి కాపలా కాయనక్కర్లేదు; పని నాణ్యతే కాపలా కాస్తుంది. ఎక్కువ సంపాదించుకోవాలన్న ఆశతో పనివాడు తన పనిరోజును తానే పొడిగించుకుంటాడు. పనిచ్చేవాడికీ పనివాడికీ మధ్య దళారులు పుట్టుకొస్తారు. అన్నిటికీ మించి, పనివాడిలో తాను స్వతంత్రుణ్ణన్న భావం పెరుగుతుంది, దానితోపాటు తోటి పనివాళ్ళతో పోటీ కూడా. ఇదంతా నూట యాభై ఏళ్ళ కిందటి ఇంగ్లండు ఫ్యాక్టరీల గురించి. రాత్రి రెండింటిదాకా మేలుకుని అమెరికా క్లయింటు సందేశానికి జవాబిస్తూ ‘నాకు బాసు లేడు సార్’ అనే కుర్రవాడికి ఇందులో ఏ వాక్యం వర్తించదో నాకు తోచదు.

మన దగ్గర దీనికి దగ్గర పోలిక చేనేత. పోచంపల్లిలోనైనా మంగళగిరిలోనైనా మాస్టర్ వీవర్ నూలూ డిజైనూ ఇస్తాడు. నేతగాడు తన ఇంట్లో, తన మగ్గం మీద, ఇంటిల్లిపాదీ చేయి వేయగా నేసి మజూరీ తీసుకుంటాడు. డిజైనర్‌కు మగ్గం స్థానంలో కంప్యూటరు. దాని వాయిదాలు, ఇన్వర్టరు, ఇంటర్నెట్ బిల్లు తనవే. ఐతే ఒక్కచోట ఈ పోలిక నిలవదు, అసలు సమస్య అక్కడే ఉంది. చీరకు కొలత ఉంది. కొంగు నేశాక దాని రంగు మార్చమని ఏ షావుకారూ అడగడు. అడిగితే మగ్గం మళ్ళీ ఎక్కించాలని అతనికి తెలుసు. వెబ్‌సైట్‌కు అలాంటి కొస లేదు. నూలు తెగదు, రంగు ఖర్చుకాదు, చెక్క అరగదు. శ్రమ ఎదుర్కొనే ప్రతిఘటన కంటికి కనిపించదు గనక శ్రమే లేదనిపిస్తుంది. ‘చిన్న మార్పే కదా!’ అన్న మాట అందులోంచి వస్తుంది. అది దుర్మార్గుల మాట కానక్కర్లేదు, మంచివాళ్ళూ అంటారు.

ఆ చిన్న మార్పు లోపల ఏముందో చూద్దాం. ‘ఈ ఫోటో ఎడమ నుంచి కుడికి జరపండి.’ 2007లో ఐఫోన్, ఆ వెనక ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చాక ఒకే పుట అరచేతి తెరమీదా, బల్లమీది తెరమీదా సరిపోవలసి వచ్చింది. తెర వెడల్పునుబట్టి పుట తనంతట తాను సర్దుకునే పద్ధతికి 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ పేరూ రూపూ ఇచ్చాడు. అప్పటినుంచి పుట అంటే ఒక పుట కాదు, అనేక పుటలు. ఫోటో జరిపితే ఫోన్‌లో శీర్షిక దాని కిందికి పోతుంది, బటన్ తెర దాటిపోతుంది, అదే అచ్చులో పోసిన మిగతా పది పుటలూ దీనితో పొసగవు. అన్నీ సర్ది, నాలుగు రకాల బ్రౌజర్లలో చూసుకోవాలి. లెటర్‌ప్రెస్ రోజుల్లో ప్రెస్సులో నిలబడి ప్రూఫులు దిద్దిన పెద్దలకు ఇది వెంటనే బోధపడుతుంది. పేరా మొదట్లో ఒక్క మాట చేరిస్తే కంపోజిటర్ పేరా చివరిదాకా ప్రతి పంక్తినీ విప్పి పేర్చేవాడు. ఆ వేళ్ళు రచయితకు కనిపించేవి. కనిపించాయి గనకనే రచయిత చేసే సవరణలకు ప్రెస్సువాళ్ళు విడిగా లెక్క కట్టడం ఎవరికీ అన్యాయంగా తోచలేదు.

అంచేత అనుభవజ్ఞులైన డిజైనర్లు పని ఒప్పుకునేటప్పుడే ఎన్ని పుటలు, ఎన్ని విడతల మార్పులు, ఆపైన గంటకు ఎంత అన్నది కాగితం మీద పెడతారు. అమెరికన్ డిజైనర్ మైక్ మోంటెరో 2012లో తెచ్చిన ‘డిజైన్ ఈజ్ ఎ జాబ్’ అనే పుస్తకం మొత్తం ఇలాంటి విషయాల మీదే. పేరులోనే ఉన్నట్టు డిజైన్ ఒక పని, వరప్రసాదం కాదు అన్నది అతని పట్టు. రెండు మూడు విడతల మార్పులు రేటులో కలిపి, ఆపైన వచ్చే ప్రతి మార్పుకూ ‘దీనికి ఇన్ని గంటలు, ఇంత అవుతుంది, చెయ్యమంటారా?’ అని రాతలో అడిగితే, మా ఊరి డిజైనర్ల అనుభవంలో సగం మార్పులు అక్కడే ఆగిపోతాయి. క్లయింటు చెడ్డవాడై ఆగడు. శ్రమ మొదటిసారి కంటికి కనబడి ఆగుతాడు.

‘గ్రాండ్‌గా ఉండాలి’

ఐతే మార్పులన్నీ క్లయింటు చాపల్యంవల్లనే వస్తాయనుకోవడం ఏకపక్షం. మొదటి రోజు మాట సరిగా జరగకపోవడంవల్ల వచ్చేవి ఎక్కువ. క్లయింటుకు తనకేం కావాలో చెప్పే భాష లేదు. ‘గ్రాండ్‌గా ఉండాలి’, ‘రిచ్ లుక్ రావాలి’, ‘ఫలానా సైటులాగే ఉండాలి’ అంటాడు. కొత్త కవిని పట్టుకుని ‘బాగా రాయి నాయనా’ అనే విమర్శకుడి మాటకూ దీనికీ తేడా లేదు. విన్నవాడు ఏం చెయ్యాలో అందులో ఉండదు. మంచి డిజైనర్ అక్కడ ప్రశ్నలు వేస్తాడు. ఈ సైటుకు ఎవరు వస్తారు? ఏం వెతుక్కుంటూ వస్తారు? వచ్చినవాళ్ళు ఏం చేసి వెళ్ళాలి? రేపు దీన్ని ఎవరు చూసుకుంటారు? ఈ నాలుగింటికీ జవాబులు రాసుకుని, క్లయింటు చేత అవునని మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో అనిపించుకోనిదే రంగుల మాట ఎత్తడు.

ఆ ప్రశ్నలు వేసినప్పుడు సామాజిక వాస్తవం ఎలా బయటపడుతుందో ఒక ఉదాహరణ. నా పూర్వ విద్యార్థిని ఒకామె ఒక ప్రైవేటు స్కూలు వెబ్‌సైట్ చేసింది. తల్లిదండ్రులు ఏం వెతుకుతారని అడిగితే, ఫీజులూ బస్సు రూట్లూ అన్నారు. మరి ఫీజుల పుట పెడదామా అంటే, వద్దు, ఫోన్ చేస్తే చెబుతాం అన్నారు. ఆమె బడికి వెళ్ళి పిల్లల ఫోటోలు తీసుకొచ్చింది. అవి ‘రిచ్‌గా లేవు’ అని తీసేయించి, ఇంటర్నెట్‌లో అమ్మే ఫోటోల్లోంచి తెల్ల పిల్లల బొమ్మలు పెట్టించారు. ఆ స్కూల్లో చదివే పిల్లలందరూ చుట్టుపక్కల గ్రామాలవాళ్ళు. తమ బడి ముఖచిత్రం మీద తమ రంగు పనికిరాలేదన్న సంగతి ఆ పిల్లలు చూస్తారు గదా! ఆమె వాదించింది. నెగ్గలేదు. డబ్బులో సగం ఇంకా రావలసి ఉంది గనక వాదన ఒక హద్దు దాటలేదు. అలంకారం వెనక వర్గదృష్టి ఉంటుందని మనం సాహిత్యంలో ఎన్నిసార్లు చెప్పుకోలేదు? ఇక్కడ ఆ దృష్టి డిజైనర్‌ది కాదు, చెయ్యి మాత్రమే ఆమెది.

క్లయింట్లందరూ ఒక వర్గం కారన్నది కూడా మరవకూడదు. కార్పొరేట్ ఆస్పత్రీ క్లయింటే, పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే స్త్రీ కూడా క్లయింటే. ఆ రెండో క్లయింటుకు తాను కొంటున్నదేమిటో తెలియదు, ఇచ్చిన అడ్వాన్సు మునిగిపోతుందేమోనన్న భయం ఉంది. ఆమె పదిసార్లు ఫోన్ చేస్తే అది పెత్తనం కాదు. ఏ వారం ఏ పని అవుతుందో ముందే చెప్పి, అయినంతవరకు చూపిస్తూపోతే ఆ ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి.

వస్తువు రాకముందే రూపం

వస్తువు ముందా, శిల్పం ముందా అన్న చర్చలో మనం దశాబ్దాలు గడిపాం. వెబ్ డిజైనర్‌కు ఆ చర్చ రోజూ కళ్ళముందు జరుగుతుంది. డిజైన్ అడిగిన క్లయింటు, లోపల ఉండవలసిన రాత ఇవ్వడు. ‘మీరు ముందు డిజైన్ చెయ్యండి, మేటర్ తర్వాత పంపిస్తాం.’ మేటర్ నెలకు గాని రాదు. ఈలోగా ఖాళీలు నింపడానికి డిజైనర్లు ‘లోరెమ్ ఇప్సమ్’ అని మొదలయ్యే ఒక లాటిన్ ముక్క వాడతారు. క్రీస్తు పూర్వం 45లో సిసిరో రాసిన తత్త్వగ్రంథంలోని వాక్యాలను అర్థం లేకుండా నరికి చేసిన ముక్క అది. సుఖదుఃఖాల మీద ఒక మేధావి చేసిన చర్చ, జాగా నింపే గడ్డిగా మిగిలింది! ఆ లాటిన్ గడ్డితో చక్కగా కనిపించిన పుట, అసలు రాత వచ్చేసరికి చెదిరిపోతుంది. నాలుగు పంక్తుల చోట నలభై పంక్తులు వస్తాయి. తప్పు డిజైన్‌దేనని క్లయింటు అంటాడు.

తెలుగైతే ఈ కష్టం రెండింతలు. ఇంగ్లీషు అక్షరాలకు కుదిర్చిన పంక్తుల ఎడంలో మన వత్తులు కింది పంక్తిని గుద్దుకుంటాయి, గుడులు పై పంక్తిని తాకుతాయి. ‘హోమ్’ అన్న చిన్న బటన్‌లో ‘మొదటి పుట’ పట్టదు. పైగా మేటర్ తరచు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో వస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కాని మన డీటీపీ సెంటర్లలో, ప్రచురణకర్తల దగ్గర ఏళ్ళ తరబడి పేరుకున్న రాత అంతా పాత ఫాంట్లలో ఉంది. దాన్ని వెబ్‌లో యథాతథంగా పెడితే తెలుగు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. మార్చే సాధనాలు ఉన్నాయి గాని, మార్చాక ఎక్కడో ఒక వత్తు జారుతుంది, ఒక సున్నా ఎగిరిపోతుంది. కూర్చుని చదివి దిద్దవలసిందే. ఈ చదివి దిద్దడం ఏ కొటేషన్‌లోనూ ఉండదు. గురజాడ, గిడుగు, సురవరం పేర్లతో ఉచితంగా దొరికే ఫాంట్లు వచ్చాక అక్షరాల ఎంపిక కొంత సులువయింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు పేరు ఒక అక్షరరూపానికి పెట్టడం బాగుంది. దాన్ని వాడే చేతికి కూలి సంగతే ఇంకా తేలలేదు.

అంచేత ‘మేటర్ చేతికి వచ్చిన తర్వాతే గడువు మొదలవుతుంది’ అన్న ఒక్క వాక్యం ఒప్పందంలో ఉంటే, తగాదాల్లో పెద్ద భాగం పుట్టదు.

సముద్రాల అవతలి క్లయింటు

ఊరి క్లయింటు కనీసం ఎదురుపడతాడు. విదేశీ క్లయింటుకు ముఖం లేదు, మధ్యలో ఒక వేదిక ఉంటుంది. ఈలాన్స్, 2003లో పుట్టిన ఓడెస్క్ అనే రెండు సంస్థలు కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అన్న పేరు పెట్టుకున్నాయి. ఇజ్రాయెల్‌లో 2010లో మొదలైన ఫైవర్ పేరులోనే ధర ఉంది; అప్పట్లో ఏ పనైనా ఐదు డాలర్లు. ఆ సంస్థ పనివాడి సంపాదనలో 20 శాతం పట్టుకుంటుంది. అప్‌వర్క్‌లో గంటల లెక్కన పనిచేసేవాళ్ళ తెరను పది నిమిషాలకోసారి ఫోటో తీసి క్లయింటుకు చూపించే ఏర్పాటు ఉంది. పీసు రేటులో కాపలా అక్కర్లేదని మార్క్స్ అన్నాడు. గంటల కూలికి వచ్చేసరికి ఆ కాపలాను ఇంటి లోపలి తెరదాకా తెచ్చి పెట్టారు.

ఇంతకన్నా విచిత్రమైనది పోటీల పద్ధతి. మెల్బోర్న్‌లో 2008లో మొదలైన 99డిజైన్స్ అనే సంస్థ దీనికి ప్రసిద్ధి. క్లయింటు ఒక బహుమతి సొమ్ము ప్రకటిస్తాడు. అనేకమంది డిజైనర్లు పూర్తి నమూనాలు చేసి పంపుతారు. ఒకరికి సొమ్ము, మిగతా అందరికీ ఏమీ లేదు. కథల పోటీలు తెలిసిన మనకు ఇది మామూలుగా తోచవచ్చు. కాని పోటీలో ఓడిన కథ రచయిత దగ్గరే ఉంటుంది, మరో పత్రికకు పంపుకోవచ్చు. ఒక దంతవైద్యుడి పేరుతో చేసిన లోగో మరెవరికీ పనికిరాదు. పదిమంది చేత ఇల్లు కట్టించి నచ్చిన ఇంటి మేస్త్రీకి మాత్రమే కూలి ఇచ్చినట్టుంటుంది. అమెరికా డిజైనర్ల సంఘం ఏఐజీఏ ఇలా ముందే ఉచితంగా చేయించుకునే పనిని వ్యతిరేకించింది. ఐనా పోటీలు సాగుతున్నాయి. గెలిచే అవకాశాన్ని లెక్కవేసుకునే వీలున్నవాడు అందులోకి దిగడు, వేరే దారి లేనివాడు దిగుతాడు.

ఒప్పందం అనే రచన

చట్టం దగ్గర డిజైనర్ రచయితకు స్వంత తోబుట్టువు. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను ‘సాహిత్య కృతి’ కింద లెక్కవేస్తుంది. వెబ్‌సైట్ వెనక ఉన్న కోడ్ రాసినవాడు చట్టం దృష్టిలో గ్రంథకర్తే. జీతానికి పనిచేసే ఉద్యోగి రాసినది యజమానికి చెందుతుంది. ఫ్రీలాన్సర్ రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, సాధారణంగా రాసినవాడిదే. బదిలీ చెయ్యాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఆ రాతలో కాలం చెప్పకపోతే 5 ఏళ్ళకే, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే పరిమితం. ఇవి 19వ సెక్షన్‌లో ఉన్నాయి. కథల సంపుటాల హక్కులు ప్రచురణకర్తలకు ఒక్క మాటతో ఇచ్చేసే మనవాళ్ళు కూడా ఆ సెక్షన్ ఒకసారి చదవడం మంచిది. డబ్బు పూర్తిగా అందిన రోజున హక్కులు బదిలీ అవుతాయని ఒక్క వాక్యం రాసుకున్న డిజైనర్ చేతిలో, కోర్టు మెట్లు ఎక్కకుండానే, కొంత బలం ఉంటుంది.

ఆలస్యపు చెల్లింపులకు కూడా ఒక చట్టం ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం సేవలు చేసేవాళ్ళకూ వర్తిస్తుంది. ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా అది 45 రోజులు మించడానికి వీల్లేదు. మించితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. సంస్థగా నమోదై ఉండాలి. 2020 జులై 1 నుంచి ఆ నమోదుకు ‘ఉద్యమ్’ అని పేరు. ఒంటరిగా పనిచేసే మనిషి కూడా సూక్ష్మ సంస్థగా చేరవచ్చు, ఐతే పని ఒప్పుకోకముందే చేరి ఉండడం క్షేమం. శ్రామికుణ్ణి శ్రామికుడిగా గాక చిన్న పరిశ్రమగా గుర్తిస్తేనే అతని కూలికి రక్షణ దొరకడం ఈ వ్యవస్థలోని తమాషా. 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో గిగ్ కార్మికుడనే నిర్వచనం ఉంది, వేదికలు తమ టర్నోవరులో కొంత వంతు సంక్షేమానికి ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. కాని ఊరి స్కూలుకో దుకాణానికో నేరుగా పనిచేసేవాడికి మధ్యలో ఏ వేదికా లేదు, వంతు ఇచ్చేవాడూ లేడు.

న్యూయార్క్ నగరంలో ఫ్రీలాన్సర్ల సంఘం పట్టుబట్టి సాధించుకున్న చట్టం ఇందుకు భిన్నం. 2017 మే నుంచి అక్కడ 800 డాలర్లు, ఆపైన విలువైన పనికి రాత ఒప్పందం తప్పనిసరి. గడువు రాసుకోకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో సొమ్ము ఇవ్వాలి. ఎగ్గొడితే రెండింతలు కట్టవలసి రావచ్చు. అది ఒక్కొక్క డిజైనర్ తెలివివల్ల రాలేదు, కలిసి అడగడంవల్ల వచ్చింది. మన దగ్గర డిజైనర్లు ఒకరి రేటు ఒకరికి చెప్పుకోవడానికే వెనకాడతారు.

డిజైనర్ల పక్షాన రాస్తున్నానని వాళ్ళ లోపాలు దాచనక్కర్లేదు. డొమైన్ పేరును క్లయింటు పేరున గాక తన పేరున కొని, పాస్‌వర్డులు దగ్గర పెట్టుకుని, ఏటేటా అద్దె గుంజేవాళ్ళు ఉన్నారు. ఇల్లు కట్టిన మేస్త్రీ తాళంచెవి జేబులో వేసుకున్నట్టు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. 2003 నుంచి వేలమంది కలిసి అభివృద్ధి చేస్తూ ఎవరైనా ఉచితంగా వాడుకోవడానికి వదిలిన సాఫ్ట్‌వేర్ అది. దాని మీద తయారుగా దొరికే అచ్చు తీసుకుని, రంగు మార్చి, ‘సొంతంగా కోడ్ రాశాను’ అని క్లయింటు దగ్గర మూడింతలు తీసుకోవడం సమష్టి శ్రమను దొంగిలించడమే. అచ్చు వాడడం తప్పు కాదు. వాడానని చెప్పి, మార్చడానికీ సర్దడానికీ పట్టిన గంటలకు కూలి అడగడంలో సిగ్గుపడవలసింది లేదు.

ఇక రచయితల సంగతి

వెబ్‌సైట్ లేని సాహిత్య సంస్థ ఇవాళ తక్కువ. పాత సంచికలు, సభల వివరాలు, పుస్తకాల జాబితాలు వాటిలో పెడుతున్నాం. మంచిదే. వాటిని ఎవరు చేస్తున్నారు, ఎంతకు చేస్తున్నారు? సాధారణంగా కార్యదర్శికి తెలిసిన ఒక కుర్రవాడో అమ్మాయో. ‘మనదే గదా బాబూ, సాహిత్య సేవ’ అంటాం. ప్రెస్సు బిల్లు కడతాం, కాగితం డబ్బు కడతాం, హాలు అద్దె కడతాం, సభకు వచ్చిన వక్తకు బస్సు చార్జీలిస్తాం. డిజైనర్ దగ్గరికి వచ్చేసరికి ఆశయం గుర్తొస్తుంది. ఆమె ఇంట్లోనే ఉంటుంది గదా, ఖాళీగానే ఉంటుంది గదా అన్న మాట నేను ఒక సాహిత్య సంస్థ సమావేశంలో విన్నాను. ఇంటిపనికి విలువ కట్టని సమాజాన్ని కథల్లో దుయ్యబట్టినవారే ఆ మాట అన్నారు. ఇష్టపడి ఉచితంగా చేసేవాళ్ళు ఉంటారు, కాదనను. ఐతే అది ఆమె తన నోటితో అనవలసిన మాట. మనం ఆమె తరఫున అనుకోగలిగింది కాదు. ఉచితమే ఐనా బిల్లు వేయించి, పని విలువ రాసి, కింద ‘తగ్గింపు’ అని పూర్తి మొత్తం చూపించే పద్ధతి కొందరు డిజైనర్లు పాటిస్తున్నారు. ఎంత ఇచ్చారో అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది.

పేరు విషయం ఒకటి మిగిలింది. 1867 నాటి ముద్రణ చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రించినవారి పేరూ, ముద్రించిన ఊరూ ఉండవలసి ఉండేది. బ్రిటిష్ ప్రభుత్వం అది పెట్టింది నిఘా కోసం, గౌరవం కోసం కాదు. ఐనా ఆ నియమం పుణ్యమా అని ఏ ఊళ్ళో ఏ ప్రెస్సు ఏ కరపత్రం వేసిందో సాహిత్య చరిత్రకారులకు ఇవాళ తెలుస్తోంది. 2023లో పత్రికలకు కొత్త చట్టం చేశారు, 2024 మార్చి నుంచి పాతదాని స్థానంలో అది వచ్చింది. వెబ్‌సైట్‌కు అలాంటి నియమం ఏదీ వర్తించదు. మన సంస్థల సైట్లలో అడుగున సంపాదకవర్గం పేర్లుంటాయి, విరాళాలిచ్చినవారి పేర్లుంటాయి, బ్యాంకు ఖాతా నంబరు ఉంటుంది. పాత సంచికల వేల పుటలను అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చి, జారిన వత్తులను ఒక్కొక్కటిగా ఏరి సరిచేసినవాళ్ళ పేరు మాత్రం ఇప్పటిదాకా నేను చూసిన సైట్లలో రెండింటిలో కనిపించింది.